మొదటి ఎత్తుకు ముందే ఆగిపోయిన ఆట

ఏప్రిల్ వచ్చిందంటే నాకు మూడు పనులు. కారం పట్టించడం, ఆవపిండి కొట్టించడం, మామిడికాయలు ఎక్కడ బాగున్నాయో వాకబు చేయడం. రెండేళ్లుగా ఈ జాబితాలో నాలుగోది చేరింది. మా చిన్నదాని చదరంగం రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించడం. ఆ సభ్యత్వం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో అయిపోతుంది, అచ్చం ఆఫీసు లెక్కల్లాగే. ఈ ఏడాది కారం గుర్తుంది, ఆవాలు గుర్తున్నాయి. అది మాత్రం గుర్తులేదు.

ఏప్రిల్ రెండో శనివారం పక్క జిల్లాలో ఒక రేటింగ్ టోర్నమెంట్. ఎంట్రీ ఫీజు మార్చిలోనే కట్టేశాం. పొద్దున్నే లేచి పులిహోర కలిపి, రెండు డబ్బాలు సర్ది, మొదటి బస్సు పట్టుకుని తొమ్మిదింటికల్లా చేరాం. పేర్లు సరిచూస్తున్న కుర్రాడు ల్యాప్‌టాప్ చూసి, "మేడమ్, పాపది ఈ సంవత్సరం రెన్యువల్ కాలేదండి" అన్నాడు. నా గుండె జారిపోయింది. మా చిన్నది నా మొహం వంక చూసింది. పదేళ్ల పిల్ల ఏమీ అనకుండా చూసే చూపు ఎలా ఉంటుందో తల్లులకు నేను చెప్పక్కర్లేదు.

పక్కకు వెళ్లి ఫోన్లో మొదలుపెట్టాను. పాతది ఉంది కాబట్టి డబ్బు కడితే సరిపోతుంది. కానీ కార్డు మా వారిది, ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్తుంది, ఆయనేమో బండి మీద ఉన్నారు. నాలుగుసార్లు చేస్తే ఎత్తారు. మొత్తానికి ఇరవై నిమిషాల్లో పనైపోయింది. మా చిన్నది లోపలికి పరుగెత్తింది. నేను ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు చూశాను ఆ ఇద్దరిని.

ఒక తల్లి, పన్నెండేళ్ల కొడుకు. ఆవిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుందట, ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. అబ్బాయి సర్కారు బడిలో ఏడో తరగతి. బళ్లో ఒక మాస్టారు చదరంగం నేర్పారు, మండలంలో వాడే ఫస్టు. ఆ మాస్టారే ఎంట్రీ ఫీజు కట్టి, "వెళ్లి ఆడి రండమ్మా" అని పంపారు. ఫీజు కడితే చాలనుకున్నారాయన. విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలని ఆయనకూ తెలియదు. కొత్తగా చేయాలంటే పుట్టినతేదీ పత్రం కావాలి, ఆధార్ కావాలి, ఫొటో కావాలి. ఆధార్ ఉంది. పుట్టినతేదీ పత్రం ఊళ్లో పెట్టెలో ఉంది.

అక్కడివాళ్లు మంచివాళ్లే. కసురుకోలేదు. "రూల్ అమ్మా, మా చేతుల్లో లేదు" అని చెప్పి ఫీజు తిరిగిచ్చేశారు. అబ్బాయి మొదటి రౌండు మొదలయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడి లోపలికి చూశాడు. గడియారాలు నొక్కిన చప్పుడు వినపడ్డాక ఆవిడ వాడి భుజం మీద చెయ్యేసింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో మా చిన్నది అడిగింది. "అమ్మా, ఆ అన్నయ్యకి నువ్వు చేసిపెట్టచ్చుగా? నీ ఫోన్లో నెట్ ఉందిగా?"

"వాళ్ల దగ్గర సర్టిఫికెట్ లేదమ్మా."

"వాళ్ల ఊళ్లో ఎవరినైనా ఫొటో తీసి పంపమంటే?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఆలోచనే రాలేదు. నా పిల్ల లోపలికి వెళ్లింది, అంతే, నా పని అయిపోయిందనుకున్నాను. ఆ సిగ్గులోంచే ఇవాళ ఇది రాస్తున్నాను.

ఈ గొడవ తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెప్తాను. మనిళ్లలో వరండాలో కూర్చుని ఆడుకునే చదరంగానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ రేటింగ్ ఉన్న టోర్నమెంట్ వేరు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఉంది, ఫిడే అంటారు, 1924లో పారిస్‌లో పుట్టింది. ప్రతి ఆటగాడి బలానికీ అది ఒక అంకె ఇస్తుంది. ఆర్పాడ్ ఈలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తయారుచేసిన లెక్క అది, 1970 నుంచి ఫిడే వాడుతోంది. బలమైన వాళ్ల మీద గెలిస్తే అంకె ఎక్కువ పెరుగుతుంది, బలహీనుల చేతిలో ఓడితే ఎక్కువ తగ్గుతుంది. మొదటి అంకె రావాలంటే అప్పటికే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు ఆడాలి. 2024 మార్చి నుంచి ఈ జాబితాలో అట్టడుగు మెట్టు 1400. అంతకన్నా తక్కువైతే జాబితాలో పేరుండదు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ జాబితా ఒక్కటే. మన కోనేరు హంపి పేరున్న జాబితాలోనే, గుడివాడ పక్క పల్లెలో ఐదో తరగతి చదివే పిల్ల పేరు కూడా ఉండొచ్చు. అంకె తేడా అంతే. కలెక్టరు పిల్లకూ కూలివాడి పిల్లకూ ఒకే కొలబద్ద. అలాంటివి ఈ దేశంలో ఎన్నున్నాయి చెప్పండి?

ఆ జాబితాలోకి వెళ్లే దారి మాత్రం దేశ సమాఖ్య గుండా పోతుంది. మనకది అఖిల భారత చదరంగ సమాఖ్య, 1951లో ఏర్పడింది. అక్కడ రిజిస్టర్ అయి, ఏటా రుసుము కట్టి, ఫిడే నంబరు ఉంటేనే రేటింగ్ టోర్నమెంట్లో బల్ల ముందు కూర్చోనిస్తారు.

ఈ సంగతి ఇంట్లో చెప్తే మా అత్తయ్య, "ఆటాడుకోడానికి కూడా సంఘంలో చేరాలటే? చోద్యం!" అన్నారు. మా వారేమో, "రేషన్ కార్డు లేకుండా బియ్యం ఇస్తారా అమ్మా? ఏ పనికైనా ఓ పద్ధతుంటుంది" అన్నారు. నేను మధ్యలో నిలబడ్డాను. ఇప్పటికీ మధ్యలోనే ఉన్నాను. ఎందుకో చెప్తాను.

ముందు మా వారి వైపు. సభ్యత్వం అనేది వట్టి డబ్బు గుంజే పని అనుకునే తల్లులు చాలామందే కనపడ్డారు నాకు. నేనలా అనుకోను. మన ఊళ్లలో ఒక్క క్లాసులో ఎంతమంది సాయిలు, ఎంతమంది లక్ష్మీప్రసన్నలు ఉంటారు? ఒకరి గెలుపు ఇంకొకరి ఖాతాలో పడకూడదంటే మనిషికో నంబరు ఉండాల్సిందే. ఆ నంబరు జీవితాంతం ఒక్కటే ఉండాలి.

వయసు సంగతి కూడా ఉంది. పదేళ్ల లోపు పోటీ అంటే ఆ ఏడాది జనవరి 1 లెక్క. 2025లో పదేళ్ల లోపు విభాగంలో ఆడాలంటే 2015 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టి ఉండాలి. డిసెంబరు 31 రాత్రి పుట్టిన పిల్ల పై విభాగానికి పోతుంది, తెల్లారి పుట్టిన పిల్ల ఇందులో ఉంటుంది. ఒక్క రోజు తేడాకు అంత విలువ ఉన్నప్పుడు కాగితం అడగకుండా ఎలా ఉంటారు? మన తరంలో సగం మందికి పుట్టినరోజు జూన్‌లో ఎందుకుందో మీకు తెలుసు కదా. బళ్లో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు వేసిన తేదీ అది! నాదీ అంతే. మా అమ్మ చెప్పేది కార్తీకమాసం, సర్టిఫికెట్లో జూన్ 10. ఆ అలవాటును ఆటలోకి రానిస్తే, పదేళ్లవాడి ముందు పదమూడేళ్లవాణ్ణి కూర్చోబెడతారు. నష్టపోయేది నిజాయితీగా తేదీ చెప్పిన తల్లి బిడ్డే.

కాబట్టి పేరు నమోదు ఉండాలి. రుసుమూ ఉండాలి. ఆ రుసుము కొన్ని వందలే. ఎంట్రీ ఫీజు, బస్సు, రూము, తిండి, కోచింగ్ అన్నీ రాసుకునే నా పుస్తకంలో అన్నిటికన్నా చిన్న అంకె అదే.

మరి నా బాధ ఏమిటంటే, ఆ కొన్ని వందలు కట్టలేక ఆ అబ్బాయి వెనక్కి వెళ్లలేదు. ఎంట్రీ ఫీజు కట్టినవాళ్లు అదీ కట్టేవాళ్లు. వాడు వెనక్కి వెళ్లింది కాగితానికి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ కాగితం కావాలని చెప్పే మనిషి లేక.

మా ఇంటి కథే చూడండి. మా చిన్నది పుట్టినప్పుడు ఆస్పత్రిలో రాసిన పత్రంలో దానికి పేరే లేదు. తండ్రి పేరు, తల్లి పేరు, 'ఆడ శిశువు', అంతే. బారసాల కాకుండా పేరెలా రాస్తాం? ఏడాదిలోపు వెళ్లి పేరు ఎక్కించుకుంటే ఫీజు ఉండదట. ఆ తర్వాతైతే ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల వరకు ఎక్కించుకోవచ్చు. ఇదంతా నాకు చదరంగం పుణ్యమా అని పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చాక తెలిసింది. మూడుసార్లు మున్సిపల్ ఆఫీసుకు తిరిగాను. పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా. మళ్లీ దాన్ని సరిచేయించడానికి ఇంకో రెండు మధ్యాహ్నాలు.

ఇంటిపేరు సంగతి వచ్చింది కాబట్టి ఒక సరదా ముచ్చట. ఫిడే జాబితాలో ఇంటిపేరు ముందు, కామా పెట్టి అసలు పేరు తర్వాత రాస్తారు. హంపిగారి పేరు అలాగే సరిగ్గా 'కోనేరు, హంపి' అని ఉంటుంది. మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక పేరు మాత్రం 'హారిక, ద్రోణవల్లి'. గుంటూరు వాడే అయిన పెంటేల హరికృష్ణ పేరు కూడా 'హరికృష్ణ, పెంటేల'. అంటే ప్రపంచం లెక్కలో హారిక ఇంటిపేరు హారిక! గ్రాండ్‌మాస్టర్ల ఇంటిపేర్లకే ఈ గతి పడితే మనమెంత? అయినా వాళ్ల నంబరు సరిగ్గా ఉంది కాబట్టి వాళ్ల గెలుపులన్నీ వాళ్ల ఖాతాలోనే పడ్డాయి.

నాకు మధ్యాహ్నాలు ఖాళీ. స్కూటీ ఉంది. ఇంగ్లీషు ఫారం చదవగలను. అడిగితే కార్డు ఇచ్చే మొగుడున్నాడు. అయినా నాకు ఐదు మధ్యాహ్నాలు పట్టింది. రోజుకూలికి వెళ్లే తల్లికి ఐదు మధ్యాహ్నాలంటే ఐదు కూలీలు. చదరంగానికి బల్ల, అరవైనాలుగు గళ్లు, ముప్ఫైరెండు పావులు చాలు, పేదవాడి ఆట అని వేదికల మీద చెప్తుంటారు. నిజమే, ఆట పేదవాడిదే. దాని గుమ్మమే కాస్త ఎత్తుగా ఉంది.

ఆ గుమ్మం ఎత్తు తగ్గించడం అంత కష్టమా? ఇంగ్లండులో ఏం చేస్తారో తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది. అక్కడ సభ్యత్వానికి కంచు, వెండి, బంగారం అని మెట్లున్నాయి. క్లబ్బు లీగుల్లో ఆడేవాళ్లకు కంచు, మామూలు టోర్నమెంట్లు ఆడేవాళ్లకు వెండి, ఫిడే రేటింగ్ ఆడేవాళ్లకు బంగారం. సభ్యత్వం లేనివాళ్లు ఆ దేశపు మామూలు టోర్నమెంట్లలో ఒకసారి ఆడి చూడాలనుకుంటే, ఆ ఒక్క టోర్నమెంటు వరకు అదనపు రుసుము కట్టి ఆడే వీలుంది. అంటే ఆట ఎలా ఉందో రుచి చూశాకే సంఘంలో చేరొచ్చు. బొబ్బట్టు రుచి చూపించకుండా డజను కొనమని మనం మాత్రం ఎవరినైనా అడుగుతామా?

అమెరికాలో నియమం మనలాగే గట్టిది. సభ్యత్వం లేకుండా వాళ్ల రేటింగ్ టోర్నమెంట్లో ఆడనివ్వరు. మా ఆడపడుచు న్యూజెర్సీలో ఉంటుంది, వాళ్ల బాబుదీ మా చిన్నదాని వయసే. "ఎంట్రీ కట్టేటప్పుడే సభ్యత్వం ఉందా లేదా అని చూస్తారు వదినా, లేకపోతే అప్పుడే తీసుకోవడమే" అంది. నాకది విని అసూయ కలిగిన మాట నిజం. అసలైన తేడా ఇంకొకటుంది. అక్కడ కార్యవర్గాన్ని సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. డబ్బు కట్టినవాడికి నోరూ ఉంటుంది.

ఇక్కడ మా అత్తయ్య వైపుకు వస్తాను. ఆవిడ పాతికేళ్లు పొదుపు సంఘంలో ఉన్నారు. నెలనెలా కట్టింది కొంచెమే. కానీ ఆ కొంచెం కట్టినందుకు ఆవిడకు మీటింగులో చాప మీద చోటుండేది, తీర్మానం పుస్తకంలో సంతకముండేది, లీడరు లెక్క తప్పితే "ఏదీ, మళ్లీ చెప్పు" అని నిలదీసే హక్కుండేది. నేను సభ్యత్వం రుసుము కట్టానంటే అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న, "మరి మీటింగులు ఎప్పుడు?" అని.

నేను నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే అది నవ్వాల్సిన ప్రశ్న కాదనిపించింది. మన దేశ సమాఖ్యలో ఓటుండేది రాష్ట్ర సంఘాలకు. ఏటా డబ్బు కట్టే ఆటగాళ్లకు కాదు. అందుకే నాకు 'సభ్యత్వం' అన్న మాట మీదే అనుమానం. మాట్లాడే హక్కు లేనిదాన్ని సభ్యత్వం అనొచ్చా? సినిమా టికెట్టు కొన్నవాణ్ణి నిర్మాత అంటామా?

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఒకప్పుడు రిజిస్టర్ అయ్యే ఆటగాళ్లు ఫారంలో ఒక హామీ కూడా ఇవ్వాల్సి వచ్చేది, సమాఖ్య అనుమతి లేని టోర్నమెంట్లలో ఆడబోమని. అలా బయట ఆడిన కొందరిపై చర్య తీసుకుంటే, వాళ్లు కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు వెళ్లారు. అది 2011 నాటి కేసు. 2018 జులైలో తీర్పొచ్చింది. ఆటగాళ్ల మీద అలాంటి కట్టడి పెట్టడం తన పెత్తనాన్ని దుర్వినియోగం చేయడమేనని కమిషన్ తేల్చి, సమాఖ్యకు సుమారు 6.92 లక్షల రూపాయల జరిమానా వేసింది. టోర్నమెంట్లకు అనుమతి దేని ఆధారంగా ఇస్తారో స్పష్టమైన పద్ధతి పెట్టమని కూడా చెప్పింది.

దీన్ని మనింటి భాషలో చెప్పుకుందాం. కోడల్ని ఇంట్లోకి రానిస్తూ, "నువ్విక మీ పుట్టింటి గడప తొక్కకూడదు" అని కాగితం రాయించుకున్నట్టు! ఇంటికో క్రమశిక్షణ ఉండాలి, కాదనను. కానీ అది మనిషిని కట్టేసే తాడు కాకూడదు. ఆ తీర్పు వచ్చేదాకా ఏడేళ్లు పోరాడిన ఆటగాళ్ల పేర్లు మన పిల్లలకు తెలియవు. ఆ ఏడేళ్లు వాళ్ల ఆటలోంచి పోయిన ఏడేళ్లు.

ఇప్పుడు కాలం కాస్త మారుతున్నట్టే ఉంది. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం, క్రీడా సమాఖ్యల కార్యవర్గంలో కనీసం నలుగురు మహిళలుండాలని చెప్పింది. పేరున్న క్రీడాకారులకూ చోటివ్వాలంది. మంచిదే. కానీ ఆ నలుగురు మహిళల్లో, హాలు బయట ప్లాస్టిక్ కుర్చీలో తొమ్మిది రౌండ్లు కూర్చున్న తల్లి ఒక్కతైనా ఉంటే బాగుండునని నా ఆశ. రెన్యువల్ తేదీ పరీక్షల నెల చివర పడితే ఎంత ఇబ్బందో ఆవిడకు తెలుసు. పేరు లేని పుట్టినతేదీ పత్రం అంటే ఏమిటో ఆవిడకు తెలుసు.

నన్నడిగితే మూడే మూడు కోరతాను.

మొదటిది, పేరు నమోదు వేరు, ఏడాది సభ్యత్వం వేరు అనాలి. నంబరు ఇవ్వడానికి డబ్బు వద్దు. సర్కారు బడి పిల్లలకైతే హెడ్మాస్టరు సంతకం చేసిన కాగితం మీద ముందు నంబరు ఇచ్చేయండి. పుట్టినతేదీ పత్రం తేవడానికి మూడు నెలలు గడువివ్వండి. తేకపోతే వయసు విభాగాల్లో ఆడనివ్వకండి, బహుమతి ఆపండి. అందరూ ఆడే ఓపెన్ టోర్నమెంట్లో కూర్చునే పిల్లాడి వయసుతో ఎవరికేం పని?

రెండోది, మొదటి టోర్నమెంటు సభ్యత్వం లేకుండా ఆడనివ్వాలి. ఓ వంద రూపాయలు అక్కడికక్కడే తీసుకోండి. ఆడాక, నచ్చాక, ఏడాదిది కడతారు. దీనివల్ల సమాఖ్యకు సభ్యులు పెరుగుతారే గాని తగ్గరు.

మూడోది, రుసుము కట్టిన ప్రతివాళ్లకూ ఏటా ఒక లెక్క చెప్పాలి. ఎంతమంది కట్టారు, ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది. తెలుగులో, ఒక పేజీలో. పొదుపు సంఘం లీడరు చేయగలిగిన పని దేశ సమాఖ్య చేయలేదా?

"ఇలా సడలిస్తే దొంగ వయసులు పెరగవా?" అని మా వారి అనుమానం. పెరగొచ్చు. అందుకే వయసు విభాగాల దగ్గర గట్టిగా ఉండమంటున్నాను. దొంగను పట్టుకోవడానికి వీధి వీధంతా తలుపులు మూసేయక్కర్లేదు కదా.

పైవాళ్లు ఎప్పుడు చేస్తారో తెలియదు. మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. మీ పిల్లల పుట్టినతేదీ పత్రం ఒకసారి తీసి చూడండి, పేరుందా లేదా అని. ఆధార్‌లో, బడి రికార్డులో, పత్రంలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూడండి. పిల్ల ఆడినా ఆడకపోయినా పనికొచ్చేదే ఇది. పిల్లకు ఒకసారి ఫిడే నంబరు వస్తే, మళ్లీ కొత్తది అడక్కుండా అదే వాడండి. ఏప్రిల్ మొదటి వారంలో, కారం పట్టించే ముందే, రెన్యువల్ కట్టేయండి. నాకు మల్లే హాలు గుమ్మంలో నిలబడి మొగుడి ఓటీపీ కోసం దేవుళ్లకు మొక్కుకోవద్దు.

ఇంకొకటి. టోర్నమెంటుకు వెళ్లినప్పుడు మన పిల్ల లోపలికి వెళ్లిపోయాక చుట్టూ ఒకసారి చూడండి. ఫారం పట్టుకుని ఎవరైనా బిక్కమొహం వేసుకుని నిలబడ్డారేమో. మన ఫోను, మన పావుగంట చాలు.

హారిక 2022లో మహాబలిపురం ఒలింపియాడ్‌కు నిండు చూలాలిగా వెళ్లి ఆడి, జట్టుతో కాంస్యం అందుకుంది. హంపి తల్లి అయ్యాక రెండుసార్లు, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. ఆ వార్తలు చూసి మనమంతా మురిసిపోయాం. ఈ ఇద్దరి పేర్లూ ఒకప్పుడు ఎవరో ఒక ఫారంలో రాసినవే. ఎవరో ఒక పెద్ద మనిషి వేలు పట్టుకుని మొదటి టోర్నమెంటుకు తీసుకెళ్లినవాళ్లే. ఆ రోజున వాళ్లనూ కాగితం లేదని గుమ్మంలోంచి పంపేసి ఉంటే?

ఫిడేకు లాటిన్ భాషలో ఒక నినాదం ఉంది, 'జెన్స్ ఉనా సుముస్'. మనమంతా ఒకే కుటుంబం అని అర్థం. కుటుంబం గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఇళ్లలో భోజనాల వేళకు వచ్చిన పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టి విస్తరేస్తాం. "ఎవరబ్బాయివి నాన్నా?" అని ఆ తర్వాతే అడుగుతాం.

ఆ మాస్టారి ఫోను నంబరు టోర్నమెంటువాళ్ల దగ్గర ఉంటుందని మొన్న తట్టింది. వాళ్లనడిగి, నా నంబరు ఆయనకు ఇవ్వమన్నాను. నిన్న ఆయన ఫోన్ చేశారు. పత్రం దొరికిందట. అందులో వాడి పేరు లేదట, 'మగ శిశువు' అని ఉందట. పన్నెండేళ్లే కాబట్టి ఇంకా గడువుంది. ఎక్కడికెళ్లాలో, ఏమేం తీసుకెళ్లాలో నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. సోమవారం మధ్యాహ్నం ఆ తల్లీకొడుకులతో కలిసి వెళ్తున్నాను. ఆవకాయ బుధవారం పెట్టుకుంటాను.